గోదా పక్కన శకుని: వృత్తికుస్తీలో ప్రతినాయక మేనేజరు పాత్ర - బాబీ హీనన్ వృత్తిజీవితం ఆధారంగా ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

అమెరికా వృత్తికుస్తీలో మల్లుని పక్షాన మాట్లాడుతూ, గోదా బయట నిలబడి కపటోపాయాలతో పోటీ ఫలితాన్ని మార్చే 'మేనేజరు' ఒక విలక్షణమైన ప్రదర్శనపాత్ర. ఈ పాత్రను దాదాపు మూడు దశాబ్దాలపాటు ధరించిన బాబీ హీనన్ (1944-2017) వృత్తిజీవితాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. భారత భాగవత కథలలోని శకుని, కంసుడు, చాణూరుడు వంటి పాత్రలతోనూ, దక్షిణ తెలంగాణ ప్రజల ప్రదర్శనానుభవంతోనూ పోల్చి, ఈ పాత్ర పనిచేసే తీరును పరిశీలిస్తుంది. ప్రేక్షకుల ద్వేషాన్ని సంపాదించడమే వృత్తిగా గల కళాకారుడు అందుకు చెల్లించే మూల్యమేమిటన్నది ఇందులోని ప్రధాన ప్రశ్న.

కీలకపదాలు: వృత్తికుస్తీ, ప్రతినాయకుడు, మేనేజరు, శకుని, బాబీ హీనన్, చిందు భాగవతం, ప్రభాకరరెడ్డి, ప్రదర్శనకళల శ్రామికులు.

1. ఉపోద్ఘాతం

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాలలో 1990వ దశకంలో బాల్యం గడిపినవారికి 'డబ్ల్యూ.డబ్ల్యూ.ఎఫ్.' అన్న మాట కొత్తది కాదు. కేబుల్ టీవీ పట్టణాలకూ, ఆపై మండల కేంద్రాలకూ చేరిన ఆ కాలంలో, మల్లుల బొమ్మలు, ఎత్తు, బరువు ముద్రించిన ట్రంప్ కార్డులు బడిపిల్లల జేబుల్లో తిరిగాయి. ఎవరు ఎంత ఎత్తు, ఎవరు ఎవరిని ఓడించారు అన్న చర్చలు సాగేవి. కాని ఆ కార్డుల ఆటలో పెద్దగా లెక్కకురాని మనిషి ఒకడు తెరమీద తరచుగా కనిపించేవాడు. మెరిసే కోటు తొడుక్కొని, గోదా బయట తిరుగుతూ, అంపైరు చూడనప్పుడు ఎదుటి మల్లుని కాలు పట్టి లాగి, చూసినప్పుడు చేతులు పైకెత్తి తనకేమీ తెలియదన్నట్లు నిలబడేవాడు. వాడే మేనేజరు.

మన జాతరలలోని కుస్తీకి ఇటువంటి మనిషి అవసరం లేదు. నిజామాబాదు వైపు పల్లెలలో కొబ్బరికాయ కుస్తీతో మొదలై వెండి కడియం కుస్తీతో ముగిసే పోటీలలో పహిల్వానుకు ఉస్తాదు ఉంటాడు. అతడు తాలీములో విద్య నేర్పుతాడు, పోటీలో పక్కన కూర్చుంటాడు. అతని గౌరవం శిష్యుని బలంలో ఉంటుంది. వృత్తికుస్తీ మేనేజరు ఉస్తాదు కాడు. అతడు విద్య నేర్పడు, మాట చెబుతాడు. బలం ఇవ్వడు, కపటం ఇస్తాడు. ఈ భేదాన్ని గుర్తించకుండా ఆ పాత్రను అర్థం చేసుకోవడం సాధ్యం కాదు.

2. వృత్తికుస్తీ: క్రీడా, నాటకమా?

అమెరికాలో వృత్తికుస్తీ పంతొమ్మిదో శతాబ్దపు చివర సంతలలో, తిరుగుడు ప్రదర్శనలలో పెరిగి, క్రమంగా ముందుగా నిర్ణయించిన ఫలితాలతో సాగే ప్రదర్శనగా మారింది. దెబ్బలలో కొన్ని నిజం, కొన్ని అభినయం. పడటం మాత్రం ఎప్పుడూ నిజమే. పలకల మీద వీపు తగలకుండా పడినట్లు నటించడం కుదరదు. ఇందులోని నాటకీయతను బయటివారికి తెలియనీయకుండా దాచే వృత్తిధర్మాన్ని వారి పరిభాషలో 'కేఫేబ్' అంటారు. సత్పాత్రను 'ఫేస్' అనీ, దుష్టపాత్రను 'హీల్' అనీ వ్యవహరిస్తారు. దశాబ్దాలపాటు కాపాడిన ఈ రహస్యాన్ని చివరికి యాజమాన్యమే బయటపెట్టింది. క్రీడలపై ఉండే ప్రభుత్వ నియంత్రణను తప్పించుకోవడానికి 1989లో న్యూజెర్సీ రాష్ట్ర శాసనకర్తల ముందు తమది వినోదప్రదర్శన మాత్రమేనని డబ్ల్యూ.డబ్ల్యూ.ఎఫ్. అంగీకరించింది.

ఫ్రెంచి విమర్శకుడు రోలాఁ బార్త్ 1957లో వెలువడిన 'మిథాలజీస్' గ్రంథంలోని తొలి వ్యాసంలో కుస్తీని క్రీడగా కాక, బాధ, పరాజయం, న్యాయం అనే మూడింటిని స్పష్టంగా చూపే ప్రదర్శనగా విశ్లేషించాడు. ప్రేక్షకునికి కావలసింది ఎవరు గెలుస్తారన్నది కాదు, ధర్మం తప్పినవానికి తగిన శాస్తి జరుగుతుందా లేదా అన్నది.

ఈ పరిశీలన తెలుగు పాఠకునికి కొత్తగా తోచదు. భాగవత దశమస్కంధంలో కంసుడు ఏర్పాటు చేసిన మల్లరంగం ఇటువంటిదే. ఒకవైపు కొండలవంటి చాణూర ముష్టికులు, మరొకవైపు బలరామకృష్ణులనే బాలురు. ఈ విషమయుద్ధాన్ని చూసిన మథురానగర స్త్రీలు ఇది అధర్మమని, ఇటువంటి సభలో కూర్చొని చూడటమే తప్పని ఆవేదన చెందుతారు. పోతన భాగవతాన్ని విన్న ప్రతి తెలుగు శ్రోతా ఆ స్త్రీల పక్షానే నిలబడతాడు. కంసుడు గోదాలోకి దిగడు, పైనుంచి ఆడిస్తాడు. చాణూరుడు పడిపోయినంత మాత్రాన కథ ముగియదు. ఆడించినవాడు ఆసనం మీదినుంచి కింద పడినప్పుడే శ్రోత మనసు కుదుటపడుతుంది. వృత్తికుస్తీలో ప్రతినాయక మేనేజరు పాత్ర సరిగ్గా ఈ మనోధర్మం మీదనే నిలిచింది.

3. మేనేజరు పాత్ర స్వరూపం

సంస్కృత లాక్షణికులు ప్రతినాయకుని లోభి, ధీరోద్ధతుడు, పాపకారి, వ్యసనపరుడుగా నిర్వచించారు. నాయకుని సహాయకునికి పీఠమర్దుడని ప్రత్యేకమైన పేరు ఉంది. ప్రతినాయకుని వెనుక ఉండి నడిపించేవానికి అంతటి ప్రసిద్ధమైన పారిభాషికపదం వాడుకలో లేదు. కాని పేరు లేకపోయినా రూపం మనకు బాగా తెలుసు. అతడే శకుని. సభాపర్వంలో ద్యూతానికి ముందు జరిగే సంభాషణ ఇక్కడ గమనించదగినది. పణం దుర్యోధనుడు ఒడ్డుతాడు, పాచికలు శకుని వేస్తాడు. ఒకరి కోసం మరొకరు ఆడటం తగదని ధర్మరాజు అభ్యంతరం చెబుతాడు, అయినా ఆటకు కూర్చుంటాడు. సొంత నైపుణ్యం లేనివానికి ఇతరుని కపటం అరువుగా దొరకడమే ఆ సన్నివేశంలోని అన్యాయం.

ప్రతినాయక మేనేజరుకు నాలుగు విధులు ఉంటాయి. మొదటిది వాక్కు. భారీకాయుడైనా మాట చేతకాని మల్లుని పక్షాన అతడు మాట్లాడి, రాబోయే పోటీకి జనం టికెట్ కొనేలా చేస్తాడు. రెండవది జోక్యం. అంపైరు దృష్టి మరల్చడం, కాలు లాగడం, ఆయుధం అందించడం ఇందులోకి వస్తాయి. మూడవది బదిలీ. మేనేజరు చేరదీసిన కొత్త మల్లుడు ఏ దుష్కార్యమూ చేయకముందే దుష్టుడవుతాడు. నాలుగవది శిక్ష. కథ చివర సత్పాత్ర చేతిలో దెబ్బలు తిని, జనానికి తృప్తి కలిగించవలసినవాడు మేనేజరే. దీనివల్ల మల్లుని భీకరత్వం చెక్కుచెదరదు, జనం కోపమూ తీరుతుంది.

ఇక్కడ ఒక సందేహం రావచ్చు. జనశ్రుతిలోని జరాసంధవధలో ఆకును చీల్చి తలకిందులుగా వేసి భీమునికి ఉపాయం చెప్పినవాడు శ్రీకృష్ణుడే. గదాయుద్ధంలో తొడ చూపి సైగ చేసిన కథా అటువంటిదే. పక్కన నిలబడి సైగ చేయడమే తప్పయితే కృష్ణుడూ ఈ కోవలోకే రావాలి. అలా రాకపోవడానికి కారణం ఉంది. చేసిన పనినిబట్టి కాక, ఆ పనికి ముందు ఎవరికి అన్యాయం జరిగిందన్నదానినిబట్టి ప్రేక్షకుడు తీర్పు చెబుతాడు. నిండుసభలో ద్రౌపదికి జరిగిన అవమానం తెలిసినవానికి తొడమీది దెబ్బ న్యాయంగానే తోస్తుంది. కనుక ప్రతినాయక మేనేజరు పని కాలు లాగడంతో మొదలుకాదు. తాను అన్యాయపు పక్షమని ముందుగా జనాన్ని నమ్మించడంతో మొదలవుతుంది. ఆ నమ్మకం కలిగించే సాధనం మాట. అందువల్లనే ఈ పాత్రలో రాణించినవారిలో అధికులు మొదట వాక్చతురులు.

4. బాబీ హీనన్: తొలిదశ

రేమండ్ లూయిస్ హీనన్ 1944 నవంబరు 1న చికాగోలో జన్మించాడు. తల్లి, అమ్మమ్మల పెంపకంలో చికాగో, ఇండియానాపొలిస్ నగరాలలో పెరిగాడు. కుటుంబానికి ఆసరాగా నిలవడానికి ఎనిమిదో తరగతితో చదువు ఆపివేశాడు. కుస్తీ ప్రదర్శనలలో తినుబండారాలు అమ్ముతూ, మల్లుల సంచులు మోస్తూ, వారి అంగీలు లోపలికి చేరుస్తూ ఆ లోకంలో అడుగుపెట్టాడు. 1965 ప్రాంతంలో ఇండియానాపొలిస్‌లోని డబ్ల్యూ.డబ్ల్యూ.ఏ. సంస్థలో 'ప్రెట్టీ బాయ్' బాబీ హీనన్‌గా రంగప్రవేశం చేశాడు. మేనేజరుగా ఉంటూనే తానూ కుస్తీ పట్టేవాడు. బ్లాక్‌జాక్ లాంజా, బ్లాక్‌జాక్ ముల్లిగన్‌ల జంట ఆ కాలంలో అతని ఆధ్వర్యంలోనిదే.

సంచులు మోసిన అనుభవం అతనికి రెండు విషయాలు నేర్పింది. జనం ఎప్పుడు లేచి నిలబడతారో కుర్చీల మధ్యనుంచి చూసి తెలుసుకున్నాడు. ఒక మల్లుని గొప్పతనం ఎదుటివాడు ఎంత బాగా పడతాడన్నదాని మీద ఆధారపడుతుందని గోదా పక్కనుంచి గ్రహించాడు. తరువాతి కాలంలో అతడు ఎవరి చేతిలో దెబ్బ తిన్నా, ఆ దెబ్బ కొట్టినవాడు నిజంకన్నా పెద్దవాడుగా కనిపించేవాడు.

1974లో మినియాపొలిస్ కేంద్రంగా వెర్న్ గాన్యా నడిపిన ఏ.డబ్ల్యూ.ఏ.లో చేరి నిక్ బాక్‌వింకల్, రే స్టీవెన్స్ జంటకు మేనేజరయ్యాడు. 1975 నవంబరులో బాక్‌వింకల్, గాన్యాను ఓడించి ప్రపంచ విజేత పట్టం పొందాడు. దానిని 1980 వరకు నిలుపుకున్నాడు. బాక్‌వింకల్ స్వయంగా మంచి వక్త. మాట రానివాని పక్కన నిలిస్తే మేనేజరు గొంతుక అవుతాడు. మాటకారి పక్కన నిలిస్తే ఇద్దరి మధ్య పని విభజన అవసరమవుతుంది. బాక్‌వింకల్ నిదానమైన పండితభాషలో అహంకారాన్ని పలికితే, హీనన్ పిరికితనాన్ని, తొందరపాటును పలికించాడు. ఈ కాలంలోనే అతని చుట్టూ చేరిన మల్లుల బృందానికి 'హీనన్ ఫ్యామిలీ' అన్న పేరు స్థిరపడింది. జనం అతనిని 'వీజిల్' అని గేలిచేసేవారు. కన్నాలలో దూరి కోళ్ళను వేటాడే సన్నని జంతువు అది. ఓడిన పక్షంలో ఆ జంతువు వేషం తొడుక్కోవాలన్న షరతుతో అతనికి పోటీలు కూడా ఏర్పాటయ్యేవి.

5. ద్వేషానికి చెల్లించిన మూల్యం

కేఫేబ్ కట్టుదిట్టంగా ఉన్న రోజులలో ప్రేక్షకుని కోపం నిజమైనది. 1975లో చికాగోలోని ఇంటర్నేషనల్ ఆంఫిథియేటర్‌లో ఒక ప్రేక్షకుడు హీనన్‌ను గురిచూసి తుపాకి పేల్చాడు. గుళ్ళు అతనికి తగలలేదు, చుట్టుపక్కల కూర్చున్న ప్రేక్షకులకు తగిలాయి. ప్రదర్శన ఎంతగా నమ్మబలికితే అంత విజయమనే కళలో, విజయం హద్దు దాటితే ఏమవుతుందో ఈ ఘటన చెబుతుంది. తెలుగు నాటకరంగంలోనూ, సినిమారంగంలోనూ దుష్టపాత్రధారులు ప్రేక్షకుల తిట్లను పొగడ్తలుగా స్వీకరించడం వాడుకలో ఉన్నదే. కాని రామారావణుల కథలో రావణుడు వేషం తీశాక మామూలు మనిషి అవుతాడని ప్రేక్షకునికి తెలుసు. కుస్తీలో వేషం తీసే సమయం లేదు. భోజనశాలలోనూ, విమానాశ్రయంలోనూ ఆ పాత్రలోనే ఉండాలి.

రెండవ మూల్యం శరీరం. 1983లో జపాను పర్యటనలో హీనన్ మెడ ఎముక విరిగింది. అటుపిమ్మట అతడు పూర్తిస్థాయి మల్లునిగా పనిచేయడం తగ్గింది, అయినా సత్పాత్రల చేతిలో పడవలసిన సందర్భాలు ఆగలేదు. మేనేజరంటే దూరంగా నిలబడి మాట్లాడేవాడన్న అభిప్రాయం సరికాదు. పడటమే అతని వృత్తిలో సగం.

6. జాతీయ వేదిక: 1984-1991

1984లో హీనన్ విన్స్ మెక్‌మాన్ డబ్ల్యూ.డబ్ల్యూ.ఎఫ్.లో చేరాడు. ప్రాంతీయ సంస్థల హద్దులు చెరిపి కేబుల్ టీవీ ద్వారా దేశమంతటా విస్తరిస్తున్న ఆ సంస్థకు ఒక మహానాయకుడు కావాలి, అతడు హల్క్ హోగన్. ఆ నాయకుని ముందు వరుసగా నిలబెట్టడానికి భీకరమైన ప్రత్యర్థులు కావాలి. వారిని సరఫరా చేసే పని కథలో హీనన్‌కు దక్కింది. హోగన్ మారడు, అతని ముందుకు వచ్చే రాక్షసుడు మారుతూ ఉంటాడు. రాక్షసులు ఎందరు మారినా వారిని పంపేవాడు ఒక్కడే కనుక పగ కొనసాగుతుంది. కృష్ణుని మీదికి పూతన, శకటాసురుడు, తృణావర్తుడు వరుసగా వచ్చినా పంపినవాడు కంసుడొక్కడే అయినట్లు, ఇక్కడ సీరియల్ కథకు సూత్రం హీనన్.

1985 మార్చి 31న న్యూయార్కు మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో జరిగిన మొదటి రెజిల్‌మేనియాలో హీనన్ మల్లుడైన బిగ్ జాన్ స్టడ్, ఆండ్రే ది జయంట్ తలపడ్డారు. స్టడ్‌ను ఎత్తి పడవేస్తే ఆండ్రేకు 15,000 డాలర్లు దక్కుతాయి, లేకపోతే అతడు కుస్తీ మానాలి. ఆండ్రే ఎత్తి పడవేశాడు. సంచిలోని నోట్లను జనం మీదికి విసరసాగాడు. అంతలో హీనన్ ఆ సంచిని లాక్కొని పరుగెత్తాడు. పాత్ర స్వభావమంతా ఆ పరుగులో ఉంది. పందెంలో ఓడినవాడు మాట తప్పడం ఒక తప్పు, జనానికి పంచుతున్న సొమ్మును ఎత్తుకుపోవడం మరొక తప్పు. రెండవ తప్పు ప్రతి ప్రేక్షకునికీ సొంత నష్టంగా తోచింది.

రెండేళ్ళ తరువాత అదే ఆండ్రే హీనన్ పక్షం చేరి, స్నేహితుడైన హోగన్‌ను సవాలు చేశాడు. అతని చొక్కాను, మెడలోని శిలువను తెంచివేశాడు. 1987 మార్చి 29న పాంటియాక్ సిల్వర్‌డోమ్‌లో మూడవ రెజిల్‌మేనియా జరిగింది. సంస్థ ప్రకటించిన ప్రేక్షకసంఖ్య 93,173. ఈ సంఖ్యపై వివాదం ఉన్నా, అంతటి జనం ఒకచోట చేరడం ఆ రంగంలో అపూర్వం. అప్పటికి ఆండ్రే తన భారీకాయానికి మూలమైన ఆక్రోమెగలీ వ్యాధితో, నడుము నొప్పితో బాధపడుతున్నాడు. ఎక్కువ కదలలేని మనిషిని అజేయమైన ముప్పుగా నిలబెట్టవలసిన బాధ్యత మాటల మీద పడింది. పోటీకి ముందు వారాల తరబడి హీనన్ మాట్లాడాడు, ఆండ్రే మౌనంగా నిలబడ్డాడు. ఆ మౌనానికి అర్థం కల్పించినది హీనన్ వాక్కే.

1989 ఏప్రిల్ 2న ఐదవ రెజిల్‌మేనియాలో అల్టిమేట్ వారియర్ మీద రిక్ రూడ్ గెలుపు మరొక ఉదాహరణ. వారియర్ ప్రత్యర్థిని పైకెత్తిన క్షణంలో హీనన్ బయటినుంచి అతని కాలు లాగి, కింద పడ్డాక లేవకుండా ఆ కాలును అదిమిపట్టాడు. రూడ్ ఇంటర్‌కాంటినెంటల్ విజేత అయ్యాడు. ఓడిన వారియర్ బలం తగ్గలేదు, గెలిచిన రూడ్‌కు పట్టం దక్కింది, నింద మాత్రం మూడవవానికి చేరింది. కథకునికి మేనేజరు ఎంత ఉపయోగమో దీనివల్ల తెలుస్తుంది.

7. వ్యాఖ్యాతగా ప్రతినాయకుడు

1991లో హీనన్ మేనేజరు పని మాని వ్యాఖ్యానానికి పరిమితమయ్యాడు. అంతకు ముందునుంచే గొరిల్లా మాన్సూన్ (అసలు పేరు రాబర్ట్ మరెల్లా)తో కలిసి 'ప్రైమ్ టైమ్ రెజ్లింగ్' కార్యక్రమం నడిపేవాడు. మాన్సూన్ న్యాయం మాట్లాడితే హీనన్ వక్రభాష్యం చెప్పేవాడు. మోసం చేసి గెలిచిన దుష్టుని తెలివిగలవాడనీ, న్యాయంగా గెలిచిన సజ్జనుని అదృష్టవంతుడనీ వాదించేవాడు. మన యక్షగానంలో హాస్యగాడు రాజును ప్రశ్నించి కథను ప్రేక్షకునికి దగ్గర చేసినట్లే, వీరి వాదన ప్రదర్శనకు వ్యాఖ్యానమూ, ఉపకథా అయింది. 1992 జనవరిలో జరిగిన రాయల్ రంబుల్‌లో రిక్ ఫ్లెయిర్ గంటకుపైగా గోదాలో నిలిచి గెలిచిన సందర్భంలో హీనన్ వ్యాఖ్యానం ఆ కళకు ప్రమాణంగా నేటికీ ఉదాహరించబడుతోంది.

ఈ వ్యాఖ్యానంలో లోపం లేకపోలేదు. టిటో శాంటానా వంటి మల్లుల మెక్సికన్ మూలాలను హీనన్ తరచుగా అపహసించేవాడు. పాత్ర దుష్టమైనది కనుక మాట దుష్టంగా ఉంటుందన్న సమాధానం చాలదు, ఆ పరిహాసానికి నవ్వినవారు ఆ పాత్రను ద్వేషిస్తూ నవ్వలేదు. పరదేశి అంటే ప్రమాదమన్న భావాన్ని కుస్తీ వ్యాపారం పలుమార్లు వాడుకుంది. 2006లో భారతీయుడైన గ్రేట్ ఖలీని ప్రవేశపెట్టినప్పుడు కూడా అతనికి మాట ఇవ్వక, దైవారి అనే మేనేజరు వెనుక మౌనభీకరునిగా నిలిపింది. ప్రతినాయకుని తీర్చడంలో జాతిద్వేషం దగ్గరిదారి. హీనన్ గొప్పతనం ఆ దారిలో నడిచిన చోట కాక, పిరికితనం, లోభం, గర్వం వంటి సర్వమానవ దోషాలను అభినయించిన చోట ఉంది.

1993 డిసెంబరులో హీనన్ ఆ సంస్థను వీడాడు. మాన్సూన్ అతనిని సామానుతో సహా బయటికి గెంటే సన్నివేశంతో కథలో వీడ్కోలు జరిగింది. 1994లో డబ్ల్యూ.సి.డబ్ల్యూ.లో చేరాడు. 1996 జూలై 7న ఇద్దరు చొరబాటుదారులను ఎదిరించడానికి హోగన్ గోదాలోకి వచ్చినప్పుడు, తోటి వ్యాఖ్యాతలు రక్షకుడు వచ్చాడని సంబరపడుతుండగా, అతడు ఏ పక్షమో అని హీనన్ ప్రశ్నించాడు. క్షణాలలో హోగన్ దుష్టపక్షం చేరాడు. రహస్యాన్ని ముందే బయటపెట్టాడని హీనన్‌ను విమర్శించినవారున్నారు. కాని పాత్రపరంగా ఆ ప్రశ్న తప్పనిసరి. పన్నెండేళ్ళుగా హోగన్‌ను నమ్మవద్దని చెబుతున్న ఏకైక వ్యక్తి ఆనాడు మాత్రం ఎలా మెచ్చుకుంటాడు? అబద్ధాలకోరుగా పేరుపడినవాడు చెప్పిన ఆ ఒక్క మాట నిజమైంది.

8. దక్షిణ తెలంగాణ దృష్టినుంచి

ఈ పాత్ర మన ప్రాంత ప్రేక్షకునికి ఇంత త్వరగా అర్థం కావడానికి రెండు కారణాలు చెప్పవచ్చు. మొదటిది ప్రదర్శన సంప్రదాయం. చిందు భాగవతంలో హిరణ్యకశిపుని వంటి దుష్టపాత్ర ప్రవేశం ఎంత ఆర్భాటంగా ఉంటే ఆట అంతగా రక్తికడుతుంది. బుడ్డర్‌ఖాన్ వంటి హాస్యపాత్ర ప్రగల్భాలు పలికి, భయపడి పారిపోయి జనాన్ని నవ్విస్తుంది. హీనన్‌లో ఈ రెండూ కలిశాయి. తెరమీద శకుని పాత్రకు ప్రాణం పోసిన సి.ఎస్.ఆర్. ఆంజనేయులు ('మాయాబజార్', 1957), ధూళిపాళ వంటి నటులు నేర్పిన సంస్కారమూ తోడ్పడింది.

రెండవది చరిత్ర. నల్లగొండ జిల్లా తెలంగాణ సాయుధ రైతాంగ పోరాటానికి కేంద్రాలలో ఒకటి. దేశ్‌ముఖుల గడీలలో దొర స్వయంగా చేయిచేసుకున్న సందర్భాలకన్నా, చేయించిన సందర్భాలు ప్రజల జ్ఞాపకంలో ఎక్కువ. కాగితం రాసినవాడు, కబురు మోసినవాడు, మనుషులను తోలినవాడు వేరువేరుగా గుర్తుంటారు. కొట్టినవానికన్నా కొట్టించినవాని మీద కోపం ఎక్కువ కాలం నిలుస్తుందన్నది ఇక్కడివారికి పుస్తకం చెప్పిన పాఠం కాదు. వాస్తవ దౌర్జన్యానికీ, వినోదానికీ పోలిక తేవడం ఇక్కడ ఉద్దేశ్యం కాదు. జీవితంలో దొరకని శాస్తి రంగస్థలం మీద కనీసం ఒక రాత్రికైనా దొరుకుతుందన్నదే గమనించవలసిన అంశం.

ఈ సందర్భంలో నల్లగొండ జిల్లా తుంగతుర్తిలో 1935లో జన్మించిన డాక్టర్ ఎం. ప్రభాకరరెడ్డిని స్మరించాలి. ఉస్మానియాలో వైద్యవిద్య అభ్యసించి, 'చివరకు మిగిలేది' (1960)తో సినిమారంగం ప్రవేశించి, వందలాది చిత్రాలలో ప్రతినాయక, సహాయపాత్రలు ధరించి, 'కార్తీకదీపం' (1979) వంటి చిత్రాలకు కథలు సమకూర్చిన ఆయన 1997లో మరణించారు. తెరమీద ఇతరుల భూములు కాజేసే పాత్రలకు తగిన ముఖమని ప్రేక్షకుడు భావించిన నటుని పేరు, హైదరాబాదు మణికొండలో సినీకార్మికులు నివసించే చిత్రపురి కాలనీకి పెట్టబడింది. కార్మికుల గృహవసతికోసం ఆయన చేసిన కృషికి అది గుర్తు.

కుస్తీరంగంలో ఇటువంటి ప్రయత్నం ఫలించలేదు. మల్లులను సంస్థ ఉద్యోగులుగా కాక స్వతంత్ర కాంట్రాక్టర్లుగా లెక్కించింది. 1984లో తొలుత హీనన్‌తో జతకావలసి ఉండిన జెస్సీ వెంచురా, 1986లో రెండవ రెజిల్‌మేనియాకు ముందు మల్లులకు సంఘం కావాలని ప్రతిపాదించాడు. ఆ విషయాన్ని యజమానికి చేరవేసినవాడు హోగన్ అని తరువాతి కాలపు వ్యాజ్యంలో మెక్‌మాన్ వాంగ్మూలం ద్వారా తెలిసిందని వెంచురా వెల్లడించాడు. గోదాలో వెంచురా దుష్టుడు, హోగన్ సజ్జనుడు. తెర వెనుక వరుస తారుమారైంది. పాత్ర మంచిచెడ్డలను చూసి మనిషిని తూచరాదనడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కరలేదు.

9. చివరి దశ

2000లో హీనన్ డబ్ల్యూ.సి.డబ్ల్యూ. నుంచి వైదొలగాడు. 2002లో తనకు గొంతు క్యాన్సరు సోకినట్లు వెల్లడించాడు. అదే ఏడు అతని ఆత్మకథ వెలువడింది. చికిత్సవల్ల వ్యాధి తగ్గినా గొంతు పూర్వస్థితికి రాలేదు. తరువాత దవడకు పలుమార్లు శస్త్రచికిత్సలు జరిగాయి, ముఖం మారిపోయింది, మాట దాదాపు పోయింది. మూడు దశాబ్దాలు మాట రానివారి పక్షాన మాట్లాడినవాడు చివరికి తానే మాటకోసం వెతుక్కోవలసి వచ్చింది.

2004 మార్చి 13న డబ్ల్యూ.డబ్ల్యూ.ఈ. హాల్ ఆఫ్ ఫేమ్‌లో అతనికి స్థానం లభించింది. పరిచయం చేసినవాడు తొలినాటి సహచరుడు బ్లాక్‌జాక్ లాంజా. సన్నగిల్లిన గొంతుతోనే సభను చాలాసేపు నవ్వించిన హీనన్, చివరలో 1999లో మరణించిన మాన్సూన్ ఇక్కడ ఉంటే బాగుండేదని ఒక్కమాట అని ముగించాడు. తెరమీద నిత్యం కీచులాడుకున్న ఇద్దరి మధ్య ఉన్నది గాఢమైన స్నేహమని ఆనాడు దాచవలసిన అవసరం లేకపోయింది. 2017 సెప్టెంబరు 17న ఫ్లోరిడాలోని లార్గోలో హీనన్ కన్నుమూశాడు.

10. ఉపసంహారం

పై పరిశీలనవల్ల కింది అంశాలు తేలుతున్నాయి.

ప్రతినాయక మేనేజరు కథకు అలంకారం కాదు, ఆధారం. నాయకుడు స్థిరంగా, ప్రత్యర్థులు మారుతూ సాగే దీర్ఘకథలో పగను నిలిపి ఉంచే సూత్రం అతడే. ఈ నిర్మాణం భాగవతంలోని కంసకథలో కనిపించేదే.

అతని దుష్టత్వం చేతలకన్నా ముందు మాటలో స్థిరపడుతుంది. సైగ చేయడం కృష్ణునిలోనూ ఉంది, శకునిలోనూ ఉంది. ఎవరికి అన్యాయం జరిగిందన్న ప్రేక్షకుని నిశ్చయమే వారిని వేరుచేస్తుంది. ఆ నిశ్చయాన్ని తనకు ప్రతికూలంగా కలిగించుకోవడమే ఈ కళలోని విద్య.

ఆ విద్యకు మూల్యం కళాకారుని దేహమే చెల్లించింది. ఇతరులను గొప్పవారుగా చూపడానికి పడినవారికి భద్రత కల్పించే విషయంలో కుస్తీరంగం వెనుకబడింది. మన ప్రాంతంలో భాగవతులు, పగటివేషగాళ్ళు మొదలుకొని సినీకార్మికుల వరకు ఎదుర్కొన్న సమస్య కూడా ఇదే.

రాత్రి భాగవతంలో హిరణ్యకశిపుని తిట్టిపోసిన ఊరే, తెల్లవారి ఆ వేషగాడు ఇంటిముందుకు వచ్చినప్పుడు చేటలో బియ్యం తెచ్చి పోస్తుంది. పాత్రకు తిట్టు, మనిషికి గింజలు. హీనన్ వృత్తిజీవితాన్ని చదివినప్పుడు మన ప్రేక్షకసంస్కారంలోని ఈ రెండవ సగానికి ఉన్న విలువ తెలుస్తుంది.